నట్టలు, నత్తలు, మేక కనురెప్ప

మేక పుట్టుకతో గడ్డి మేసే జీవం కాదు; ముందుకాళ్లు ఎత్తి కొమ్మ అందుకుని ఆకు తినే జీవం. గుడివాడ చుట్టూ వరిచేలు, దివిసీమ నిండా కాలవలు, బందరు వైపు ఉప్పునేలలు. పదో పరకో మేకలున్నవాళ్లకు మిగిలేది చేలగట్లూ కాలవగట్లే. వానలు పడితే నట్టల (పొట్టపురుగుల) పిల్లలు ఆ తడిగడ్డి మొదళ్లలోనే కాచుకుంటాయి. నాలుగో పొట్టలో చేరి రక్తం తాగే హీమాంకస్ ఆడపురుగు రోజుకు 5,000కు పైగా గుడ్లు పెట్టగలదు. పెంటికలతో పడ్డ గుడ్డు, వెచ్చటి తడి దొరికితే, వారం పదిరోజుల్లో మళ్లీ మేకను పట్టే పిల్లవుతుంది. అందుకే మందలో ప్రతి జీవానికీ మందు పట్టించే అలవాటు పాతుకుపోయింది. నా అభ్యంతరం ఆ ‘ప్రతి’ మీదే. పురుగుల్లో ఎక్కువ భాగం మందలో కొద్ది జీవాల్లోనే ఉంటాయి. అన్నిటికీ పట్టిస్తే మందుకు చావనివే మిగిలి, గట్టంతా వాటి సంతానమే అవుతుంది. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో వస్తే, 1964 కల్లా దానికి లొంగని హీమాంకస్ బయటపడింది.

దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా రంగుల పట్టీ ఏ మేకకు మందు అవసరమో తేల్చే దారి చూపింది. వెలుతురులో మేకను నిలబెట్టి, పైరెప్ప మీద కొద్దిగా నొక్కి, కిందిరెప్పను లాగితే లోపలి పొర కనిపిస్తుంది. దాని రంగును పట్టీతో పోల్చాలి: ఎరుపు నుంచి తెలుపు దాకా 5 మెట్లు. ఎర్రగా ఉన్నదాన్ని వదిలేయొచ్చు, పాలిపోయినదానికి పట్టించాలి. దవడ కింద నీరు దిగేదాకా ఆగితే ఆలస్యమే. పది మేకలకు ఇంత లెక్కెందుకు, మందు ఖరీదెంతని అనొచ్చు. ఖరీదు కాదు, మందుకు లొంగని పురుగే సమస్య. ఆ పదీ రోజూ అదే గట్టు మేస్తాయి. పైగా మేక ఒంట్లో మందు గొర్రెలో కన్నా త్వరగా కరిగిపోతుంది. గొర్రె మోతాదు చాలా మందుల్లో మేకకు చాలదు, చాలని మోతాదు పురుగును చంపకుండా రాటుదేలుస్తుంది.

అసలు చిక్కు కార్జపు జలగతో. అది నత్తలో పెరిగి నీటి అంచు గడ్డికి చేరుతుంది. దానివల్లా రెప్ప పాలిపోతుంది, కానీ అప్పటికే కార్జం దెబ్బతిని ఉంటుంది. కాబట్టి జలగ ఉన్న ఊళ్లో మందంతటికీ పట్టించడమే సబబు. నా వాదన అక్కడ చెల్లదు. అయితే ఐవర్‌మెక్టిన్ జలగను ముట్టదు, ఆల్బెండజోల్ చూలు తొలినెలలో ప్రమాదం. ఏది పట్టించాలో పెంటికల పరీక్ష తర్వాత పశువైద్యుడు చెప్పాలి. జలగ గుడ్లు బరువైనవి, అడుక్కి దిగుతాయి. కాబట్టి పెంటికలను నీళ్లలో కలిపి, అడుగున పేరుకోనిచ్చి చూడమని అడగాలి. ఈలోగా మంచు ఆరాకే మందను వదిలి, అవిసె, సుబాబుల్ కొమ్మలు మెడ ఎత్తున కట్టొచ్చు. నట్టపిల్లలు ఎక్కువగా గడ్డి మీద బెత్తెడు ఎత్తులోపే ఉంటాయి.