వసారా గోడ దగ్గర కారుతోందా? సిమెంటు పట్టీ వేయించకండి

తొలకరి పడగానే మా రాజమండ్రిలో తాపీ మేస్త్రీలకు ఇదే ఫోను. "మేస్త్రీ గారూ, రేకులన్నీ బాగానే ఉన్నాయండీ. గోడ వారనే కారుతోంది." ఇటుక గోడకు ఆనించి ముందుకు దించిన రేకుల వసారా ఉన్న ఇళ్లలో ఈ బాధ ఎప్పుడూ ఉన్నదే. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవాణ్ణి కాబట్టి, డబ్బు ఖర్చుపెట్టే ముందు ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు చెబుతాను.

రేకు గోడను తాకే చోట సిమెంటు పట్టీ పెట్టించడం అందరూ చేసే పని. ఆ వానాకాలం గడుస్తుంది. మరుసటి ఏడాదికి అదే చోట వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. మేస్త్రీకి పనితనం లేక కాదు. ఇనుప రేకు మే నెల ఎండకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, తెల్లారేసరికి చల్లబడుతుంది. 40 డిగ్రీల తేడా వస్తే 3 మీటర్ల రేకు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. గోడ అంతగా కదలదు. సిమెంటుకు సాగే గుణం లేదు, మధ్యలో అదే చిట్లుతుంది. సన్నటి పగులని తీసిపారేయకండి. సందు ఎంత సన్నమైతే నీటిని అంతగా లోపలికి లాక్కుంటుంది, ఆ చెమ్మ ఓ పట్టాన ఆరదు.

కాబట్టి అక్కడ అతికించకూడదు, కప్పాలి. తాటాకు ఇంటి కప్పులో ఆకుల్ని ఎవరూ అంటించరు, పై ఆకు కింది ఆకు మీదికి వస్తుందంతే. రేకుల వసారాకూ సూత్రం అదే. దాన్ని ఫ్లాషింగ్ అంటారు. వంచిన రేకు పట్టీలు రెండు కావాలి. కింది పట్టీని వసారా రేకులకు స్క్రూలతో బిగిస్తారు. అది రేకుల మీద 6 అంగుళాలు పరుచుకుని, గోడ వెంట మరో 6 అంగుళాలు పైకి లేస్తుంది. గోడకు మాత్రం బిగించరు. పై పట్టీని గోడకు బిగిస్తారు. అది కింది పట్టీ మీదికి వేలాడుతుంది. రేకు సాగినా గాలికి అదిరినా దేని కదలిక దానిది, ఏదీ పగలదు.

పని నిలిచేదీ నిలవనిదీ పై పట్టీ గోడలోకి దిగే చోటే తేలుతుంది. ఇటుక వరసల మధ్యనున్న సిమెంటు జాయింటులో, కటింగ్ మెషిన్‌తో అంగుళం లోతు గాడి తీయాలి. గోడకు ప్లాస్టరింగ్ ఉంటే గాడి దాన్ని దాటి జాయింటు దాకా పోవాలి. ప్లాస్టరింగ్‌లోనే ఆపితే నీరు వెనకనుంచి దిగుతుంది. గాడిలోని దుమ్ము పూర్తిగా దులిపి, పట్టీ అంచు దూర్చి, పాలీయూరిథేన్ సీలెంట్ నింపాలి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చే సిలికాన్ తెస్తే వద్దనండి. అది సిమెంటును సరిగా పట్టదు, పైగా జీఐ రేకు పూతను తినేస్తుంది. రేకుల వంపుల కింద మిగిలే ఖాళీలకు అదే ఆకారంలో ఫోమ్ పట్టీలు దొరుకుతాయి.

ఇదంతా చేయించే ముందు కారుతున్నది అక్కడేనా అని తేల్చుకోండి. ఒకరు వసారాలో నిలబడి చూస్తుండగా, ఇంకొకరు గొట్టంతో కిందినుంచి పైకి నీళ్లు పట్టాలి. ముందు రేకులు, తర్వాత జాయింటు, చివర పై గోడ, ఒక్కోచోట పది పదిహేను నిమిషాలు. పై గోడ తడిపినప్పుడే కారితే దోషం గోడది. ప్లాస్టరింగ్ లేని ఇటుక ఈదురుగాలి వానకు నీరు పీలుస్తుంది, కిటికీ కింద పగులున్నా అంతే. వాటిని సరిచేయకుండా ఫ్లాషింగ్ ఒక్కటే వేస్తే ప్రయోజనం ఉండదు.

పాత సిమెంటు రేకులైతే మరింత జాగ్రత్త. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, మెషిన్‌తో కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వాటిమీద నేరుగా కాలు పెట్టకండి, పెళుసుబారిన రేకు మనిషి బరువుకు విరిగిపోతుంది. గోడలో గాడి తీసే కుర్రాడికి మాస్కు, కళ్లద్దాలు మీరే కొనివ్వండి. లోపల కరెంటు వైర్లు ఎటు పోతున్నాయో ముందే చూపించండి.

వానలు మొదలయ్యాక ఈ పని పెట్టుకోవద్దు. తడి గోడకు సీలెంట్ పట్టదు. మార్చి, ఏప్రిల్‌లోనే చేయించుకోండి.