కరెంటు బండి కొంటున్నారా?

పెట్రోలు ఖర్చు తగ్గుతుందని చాలామంది తక్కువ ధర కరెంటు బండి కొనాలనుకుంటున్నారు. గోపురం కట్టబోయేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు నేర్పించారు (లూకా 14:28). బండి విషయంలోనూ అంతే.

మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించని బండికి లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. కాని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఆ కాగితం చూపించమనండి. కొత్తవలసలో బజారుకు, ఆరాధనకు ఈ బండి చాలు. రోజూ విశాఖ వెళ్లేవారికి చాలదు. పోవడానికే గంట దాటుతుంది. వేగం తక్కువైనా హెల్మెట్ మానవద్దు.

48 వోల్టుల, 24 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండడానికి ఒకటిన్నర యూనిట్ల కరెంటు చాలు. అసలు ఖర్చు బ్యాటరీ మార్చేటప్పుడే. లెడ్ యాసిడ్ బ్యాటరీ చవక, కాని బరువెక్కువ, త్వరగా పాడవుతుంది. లిథియం ఖరీదెక్కువ, ఎక్కువ కాలం మన్నుతుంది. కొత్త బ్యాటరీ ధర, వారంటీ ముందే కాగితం మీద రాయించుకోండి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి చనిపోయారు. అందుచేత పడకగదిలో, గుమ్మం దగ్గర చార్జింగు పెట్టవద్దు. రాత్రంతా వదిలేయవద్దు. బండితో ఇచ్చిన చార్జరే వాడండి. ఉబ్బిన, తడిసిన బ్యాటరీ ముట్టవద్దు. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. సిరా, పేస్టు పూయవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

ఇంట్లో చార్జింగుకు తగిన చోటు లేకపోతే, ఎంత చవకైనా ఆ బండి కొనకపోవడమే మేలు. ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక.