మీటల అమరిక

రేడియో పెట్టెపై ధ్వనిని పెంచు మర ఏది, కేంద్రమును పట్టు మర ఏది యని కొత్తవారు తడుముకొనుట శ్రోతలెరిగినదే. ఆ తడబాటు వాడువారి లోపము కాదు, అమర్చినవారిదని మేమందుము. దానిని ముందుగా పసికట్టు విద్యను నేడు ఇంటరాక్షన్ డిజైన్ అనుచున్నారు. పేరు కొత్తది; పద్ధతి టెలిఫోనునాటిది.

1945లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ కార్లిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చేరెను. తిరుగు డయలుకు బదులు మీటలు పెట్టదలచినపుడు పది అంకెలను ఏ వరుసలో ఉంచవలెనను ప్రశ్న వచ్చినది. కూడికల యంత్రములలో 7, 8, 9 పైవరుసన ఉండెడివి. వానినే అనుకరించిన సరిపోవును గదా! అచటి పరిశోధకుడు డైనింగర్ అట్లు చేయక, 15కు పైగా అమరికలు చేయించి, మనుషులచేత నంబర్లు నొక్కించి, పట్టిన కాలమును, దొరలిన తప్పులను లెక్కించెను. ఏది నచ్చెనో కూడ అడిగెను. ఫలితములు 1960లో అచ్చయినవి. మంచి అమరికల నడుమ వేగములో భేదము స్వల్పమే. తుదకు 1, 2, 3 పైన, సున్న అడుగున నిలిచినవి. 1963లో జనులకందిన ఆ అమరికయే నేటి చేతిఫోనులోను ఉన్నది.

అడిగిన మాత్రమున చాలదు. టెలిఫోను తీగ పొట్టిదైనను చాలునని ఎవరందురు? కార్లిన్ బృందము తోటి ఉద్యోగుల తీగలను వారెరుగకుండ అంగుళము చొప్పున తగ్గించుచు వచ్చినది. అడుగు మేర తగ్గువరకు ఎవరును గుర్తింపలేదట! నేడైనచో ముందుగా సమ్మతి పొందవలెను.

నేర్వగోరువారు ఇంటి పెద్దలచేత ఫోనులో ఒక కొత్త నంబరు చేర్పించి, తాము నోరు మెదపక, వ్రేలు ఎచట ఆగెనో వ్రాసికొనుట మొదటి పాఠము.