మీకు తెలుసా? రేడియేషన్ ముగిసిన నెలల తర్వాత దగ్గు ఎందుకొస్తుందో!

రొమ్ము క్యాన్సర్‌కో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కో ఛాతీకి ‘కరెంటు పెట్టించుకుని’ ఇంటికొచ్చి, హమ్మయ్య అనుకున్నాక కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సన్నగా జ్వరం. దీన్ని రేడియేషన్ న్యుమోనైటిస్ అంటారు. ‘కిరణాలకు ఊపిరితిత్తి కాలిపోయింది’ అని ఇంట్లో వాళ్ళు బాధపడతారు. నిజానికి ఇది కాలిన గాయం కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. ఆ సంగతి రోగికీ, రోగిని చూసుకునే వాళ్ళకీ తెలిసుండాలి.

● న్యుమోనైటిస్ ఎక్కువగా రేడియేషన్ పూర్తయిన ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది. ఆరు నెలలు దాటాక వచ్చేది ఫైబ్రోసిస్. అప్పుడు మెత్తని ఊపిరితిత్తిలో కొల్లాజెన్ పేరుకుని, గంజి ఎక్కువైన చీరలా బిరుసెక్కుతుంది. రేడియేషన్‌కూ దగ్గుకూ మధ్యలో ఏ బాధా లేని వారాల్లో లోపల ఏమీ జరగడం లేదని చాలాకాలం అనుకున్నారు. అది తప్పని 1995లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఫిలిప్ రూబిన్ బృందం ఎలుకల్లో చూపించింది. సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సందేశాలు, రేడియేషన్ తగిలిన తొలిరోజుల్లోనే పెరిగి, ఆగకుండా కొనసాగుతూ ఫైబ్రోసిస్ దాకా తీసుకెళ్తున్నాయి. దగ్గు ఆలస్యంగా వచ్చినా, దాని మొదలు చికిత్స గదిలోనే పడిందన్నమాట.

● మన గాలిగదుల్లో మాక్రోఫేజ్‌లనే పెద్ద కణాలు ఉంటాయి. పీల్చిన దుమ్మునూ, సూక్ష్మజీవుల్నీ, చచ్చిన కణాల్నీ మింగి శుభ్రం చేయడం వాటి పని. ఇలా మింగే కణాలను మొదట గుర్తించింది రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్. ఆ పరిశోధనలకు 1908లో ఆయనకు నోబెల్ కూడా దక్కింది. గాలిగదుల్లోని మాక్రోఫేజ్‌లకు మాతృకలైన కణాలు మనం తల్లి కడుపులో ఉండగానే ఊపిరితిత్తులకు చేరతాయి. రేడియేషన్‌కు ఇవి అంత సులువుగా చావవు. చిక్కంతా అక్కడే ఉంది. చుట్టుపక్కల దెబ్బతిన్న కణాలు ‘ఆపద’ అని సంకేతాలు పంపితే, బతికున్న మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్లను విడుదల చేసి రక్తంలోంచి మరిన్ని కణాల్ని పిలిపిస్తాయి. సన్నని రక్తనాళాలు కారడం మొదలవుతుంది. గాలి ఉండాల్సిన చోటికి నీరు, కణాలు చేరతాయి. దగ్గు, ఆయాసం అందుకే.

● లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలది పూర్తిగా వేరే కథ. వేగంగా విభజన చెందే కణాలే రేడియేషన్‌కు ముందు లొంగుతాయని 1906లో ఫ్రాన్స్‌లో బెర్గోనియే, ట్రిబొండో చెప్పారు. లింఫోసైట్లు మామూలుగా విభజన చెందకుండా తిరుగుతుంటాయి. అయినా ఒకటి రెండు గ్రేల (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మోతాదుకే కుప్పకూలతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సాధారణంగా ఇచ్చే మొత్తం మోతాదు 60 గ్రేలు. మరి న్యుమోనైటిస్ వచ్చిన ఊపిరితిత్తిని ఉప్పునీటితో కడిగి ఆ నీటిని పరీక్షిస్తే లింఫోసైట్లే ఎందుకు ఎక్కువగా కనిపిస్తాయి? ఎందుకంటే తర్వాత కొత్తగా వచ్చి చేరినవి చాలా ఉంటాయి.

● నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచిన సంగతి ఇది. ఒకవైపు రొమ్ముకు మాత్రమే రేడియేషన్ తీసుకున్న స్త్రీల రెండు ఊపిరితిత్తుల్నీ కడిగి చూశారు. కిరణం సోకని రెండో ఊపిరితిత్తిలో కూడా లింఫోసైట్లు పెరిగి ఉన్నాయి! 1993లో వచ్చిన ఈ అధ్యయనం తర్వాత, న్యుమోనైటిస్‌ను కిరణం నేరుగా చేసిన గాయంగా మాత్రమే చూడలేమనీ, ఒంటి రక్షణవ్యవస్థ అతిగా స్పందించడం కూడా ఇందులో ఉందనీ వైద్యులు గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టారు.

● ఒకే మోతాదు, రెండు జాతుల ఎలుకలు, రెండు వేర్వేరు జబ్బులు. సి57 నల్ల ఎలుకలకు ఫైబ్రోసిస్ వస్తుంది. సి3హెచ్ జాతికి న్యుమోనైటిస్ ముంచుకొస్తుంది కానీ ఫైబ్రోసిస్ పెద్దగా రాదు. వంశపారంపర్యంగా వచ్చిన స్పందనలో తేడా ఎంత పనిచేస్తుందో చూడండి. పక్కవాళ్ళకు ఏమీ కాలేదు కాబట్టి మనకూ కాదనుకోలేం.

● మాక్రోఫేజ్‌లన్నీ ఒకటి కావు. గాలిగదుల్లో ఉండేవి వేరు, గోడల మధ్య కణజాలంలో ఉండేవి వేరు. ఈ రెండో రకాన్ని ఒక యాంటీబాడీతో తగ్గిస్తే ఎలుకల్లో రేడియేషన్ ఫైబ్రోసిస్ ఆగిందని ఫ్రాన్స్ పరిశోధకులు 2018లో ప్రకటించారు. మచ్చకట్టే కణాల్ని ఎగదోసే ముఖ్య సంకేతం టీజీఎఫ్-బీటా. అది కణజాలంలో నిద్రాణంగా నిల్వ ఉంటుంది. రేడియేషన్ తగలగానే మేల్కొంటుంది.

● పొగ తాగుతున్నవారిలో న్యుమోనైటిస్ కొంత తక్కువగా కనిపించిందని పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెప్పాయి. పొగ రోగనిరోధక స్పందనను అణచడమే కారణం కావచ్చని ఒక ఊహ. దీన్ని పట్టుకుని ఎవరూ సిగరెట్ ముట్టించకూడదు. పొగ మానకపోతే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

● ఛాతీ ఎక్స్‌రేలోనో, సీటీలోనో న్యుమోనైటిస్ నీడ ఊపిరితిత్తి భాగాల హద్దుల్ని పట్టించుకోదు. కిరణం పడిన మేరకు గీత గీసినట్టు సూటి అంచుతో కనబడటం దీని గుర్తుల్లో ఒకటి.

● స్టెరాయిడ్లు న్యుమోనైటిస్‌కు పనిచేసేది రోగనిరోధక కణాల జోరు తగ్గించడం ద్వారానే. అందుకే వాటిని ఉన్నట్టుండి మానకూడదు, వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. రెండు రోజులకే ఊపిరాడుతోందని మాత్రలు పక్కన పెడితే జబ్బు తిరగబెట్టొచ్చు. గట్టిపడిపోయిన ఫైబ్రోసిస్‌ను మాత్రం స్టెరాయిడ్లు వెనక్కి తేలేవు.

● ఇప్పుడు ఇమ్యునోథెరపీ వచ్చింది. రోగనిరోధక కణాల కళ్ళెం వదిలి క్యాన్సర్ మీదికి పంపే వైద్యం అది. మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ అయ్యాక డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చి చూసిన పసిఫిక్ ట్రయల్ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. జబ్బు ముదరకుండా ఉన్న కాలం 5.6 నెలల నుంచి 16.8 నెలలకు పెరిగింది. న్యుమోనైటిస్ కూడా 24.8 శాతం నుంచి 33.9 శాతానికి పెరిగింది. అయితే తీవ్రమైనవి 3.4 శాతమే, మందు తీసుకోనివారిలో 2.6 శాతం. నా లెక్కలో ఈ లాభం ఆ ముప్పుకన్నా చాలా పెద్దది. కాకపోతే దగ్గు మీద కన్నేసి ఉంచాలి.

మన ఊళ్ళలో దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో నీడ అనగానే టీబీ అనుమానం వస్తుంది. అది సహజం, అవసరం కూడా. ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేలకుండా స్టెరాయిడ్లు మొదలుపెడితే ప్రమాదం. కానీ చూసే డాక్టరుకు రోగి ఛాతీకి రేడియేషన్ అయిందన్న సంగతే తెలియకపోతే న్యుమోనైటిస్ ఆయన ఆలోచనలోకే రాదు. అందుకే ఏ తేదీన, ఒంట్లో ఏ భాగానికి, ఎన్ని గ్రేలు ఇచ్చారో రాసిన కాగితాన్ని భద్రంగా దాచుకోండి. ఏడాది లోపు కొత్తగా దగ్గో, ఆయాసమో వస్తే మెడికల్ షాపులో సిరప్ కొనకుండా, ఆ కాగితంతో మీ క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.