తాత వీడియో ఎవరు డిలీట్ చేశారు?

మా తాత సంవత్సరీకం రోజు. వంటలయ్యాయి, చుట్టాలు తిన్నారు, సగం మంది వెళ్లిపోయారు. అప్పుడు నానమ్మ నన్ను దగ్గరికి పిలిచి, ‘‘బిడ్డా, తాత టీవీల మాట్లాడింది ఒక్కసారి పెట్టరాదు’’ అంది.

మాది ఆర్మూర్ దగ్గర ఊరు. తాతది పసుపు సేద్యం. పోవడానికి ఐదు నెలల ముందు వ్యవసాయ కార్యక్రమం వాళ్లు పొలానికొచ్చి ఆయనతో మాట్లాడించుకుని వెళ్లారు. ఒకరోజు పొద్దున డీడీ యాదగిరిలో వచ్చింది. మొత్తం 26 నిమిషాలు. ఊళ్లో అందరూ లైవ్‌లో చూశారు. నేను మాత్రం హైదరాబాద్‌లో నా హోమ్ సర్వర్‌లో రికార్డ్ పెట్టి, దర్జాగా ఆఫీసుకి వెళ్లిపోయాను.

నానమ్మ అడగ్గానే టీవీలో జెల్లీఫిన్ యాప్ తెరిచాను. వెతికాను. లేదు. తేదీ ప్రకారం చూశాను. లేదు. చూసేసిన సీరియల్ ఎపిసోడ్లు ఉన్నాయి. మనవాళ్లు ఓడిపోయిన వన్డే ఉంది. తాత లేడు.

ఎవరు డిలీట్ చేశారని వేరే ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ సర్వర్ కట్టింది నేనే. దాన్ని డిలీట్ చేసిన రూల్ పెట్టిందీ నేనే.

హోమ్ సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో షూ ర్యాక్ పక్కన ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఉంటుంది. అందులో డీవీబీ-ఎస్2 ట్యూనర్ కార్డు, డాబా మీద చిన్న డిష్. డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లకు నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు కట్టే డీటీహెచ్ ఛానళ్లు తాళం వేసి వస్తాయి కాబట్టి వాటికి ఈ పద్ధతి పనికిరాదు. టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ టైమ్ ప్రకారం రికార్డ్ చేస్తుంది. జెల్లీఫిన్ దాన్ని ఫోన్లకీ, ఊళ్లో నానమ్మ టీవీకీ పంపిస్తుంది. ఇంట్లోవాళ్లు చూసుకోవడానికే సుమా, యూట్యూబ్‌లో పెట్టడానికి కాదు.

ఇలాంటిది కట్టాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న, ‘‘ఎన్ని టీబీల డిస్కు కొనాలి బ్రో?’’ అని. నేనూ అదే ప్రశ్నతో మొదలుపెట్టాను. అక్కడే దెబ్బతిన్నాను.

లెక్క చాలా సింపుల్. డిష్ నుంచి వచ్చే సిగ్నల్ అప్పటికే కంప్రెస్ అయి ఉంటుంది. సర్వర్ దాన్ని కొత్తగా ఏమీ చేయదు, వచ్చింది వచ్చినట్టు ఫైల్‌లో పోస్తుంది. కాబట్టి ఛానల్ ఎన్ని ఎంబీపీఎస్‌తో వస్తుందో చూసి, దాన్ని 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. నా దగ్గరున్న మామూలు ఎస్‌డీ ఛానళ్ల ఫైళ్లు సగటున 3 ఎంబీపీఎస్. అంటే గంటకు 1.35 జీబీ. అదే 8 ఎంబీపీఎస్ హెచ్‌డీ అయితే 3.6 జీబీ.

మా ఇంట్లో రోజుకి సీరియళ్లు రెండు గంటలు, వార్తలు గంట, సినిమా మూడు గంటలు. ఆరు గంటలకు 8.1 జీబీ. ఏడాదికి దాదాపు 3 టీబీ. నా దగ్గరున్నది పాత 500 జీబీ డిస్కు. అందులోనూ లైనక్స్ ఎక్స్‌టీ4 ఫార్మాట్ మామూలుగా 5 శాతం తన కోసం పక్కన పెట్టుకుంటుంది, అంటే 25 జీబీ. ఆపరేటింగ్ సిస్టమ్ అదే డిస్కులో. ఎలా చూసినా రెండు నెలలు కూడా రాదు.

‘నిండితే అదే చూసుకుంటుందిలే’ అనుకున్నాను. టీవీహెడ్‌ఎండ్‌లో ప్రతి రికార్డింగ్‌కీ ఎన్నాళ్లు ఉంచాలో చెప్పొచ్చు. ఒక రోజు, ఒక వారం, ఫరెవర్... ఇలా ఆప్షన్లుంటాయి. వాటిలో ‘మెయింటెయిన్డ్ స్పేస్’ అని ఒకటి. ఖాళీ జాగా మీరు చెప్పినదానికంటే తగ్గితే అన్నిటికంటే పాతదాన్ని తీసేస్తుంది. నేను అన్నిటికీ కలిపి అదే పెట్టేశాను. తాత కార్యక్రమాన్ని ‘ఫరెవర్’కి మార్చాలని అనుకున్నాను కూడా. అనుకున్నాను, అంతే.

సాఫ్ట్‌వేర్‌కి తాతెవరో, తలనొప్పి మాత్ర యాడ్ ఎవరిదో తెలీదు. దానికి తెలిసింది తేదీ ఒక్కటే.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ తీసి చూస్తే, ‘రిమూవ్డ్ రికార్డింగ్స్’ లిస్టులో ఆ పేరు కనిపించింది. లెక్కేసుకుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది. డిస్కు నిండే వేగం ప్రకారం ఆ ఫైల్ ప్రసారమైన రెండు నెలల్లోపే పోయింది. తాత అప్పటికింకా పొద్దున్నే పొలానికి వెళ్లొస్తూనే ఉన్నాడు. మళ్లీ కూర్చోబెట్టి ఫోన్లోనైనా మాట్లాడించి ఉండొచ్చు. ఉంది కదా అని ఏడాదిన్నరగా ఎవరమూ తెరవలేదు.

ఫొటోరెక్ లాంటి రికవరీ టూల్స్ ఉన్నాయిగా అంటారేమో. డిలీట్ అయిన వెంటనే మెషిన్ ఆపేసి ఉంటే ఆశ ఉండేది. ఈలోపు ఆ డిస్కు ఏడుసార్లు నిండి, ఖాళీ అయి, మళ్లీ నిండినంత రాత జరిగింది. ఆ జాగాలో ఇప్పుడెవరో అత్తాకోడళ్లు కొట్టుకుంటుంటారు. రెండు డిస్కులు పెట్టి రెయిడ్ చేసి ఉంటే? అదీ కాపాడేది కాదు. ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ డిలీట్ కొడితే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది. మా ఆఫీసులో రోజూ వినే మాటే ఇది, రెయిడ్ బ్యాకప్ కాదని. ఇంటికొచ్చేసరికి మర్చిపోతాం.

ఇంకో సంగతి చెప్తే నవ్వొస్తుంది. ఆ 26 నిమిషాల ఫైల్ సైజు సుమారు 585 ఎంబీ. ఒక మామూలు సీడీలో పట్టేది.

వారం తర్వాత కూర్చుని మళ్లీ మొదట్నుంచి ప్లాన్ చేశాను. ఈసారి డిస్కు సైజుతో మొదలుపెట్టలేదు. ఏది ఎప్పుడు పోవాలో ముందు రాసుకున్నాను. వార్తలు పాలలాంటివి, మూడు రోజులు దాటితే ఎవరూ ముట్టుకోరు. అంటే 4 జీబీ. సీరియళ్లకు రెండు వారాలు. అంతకంటే వెనకబడితే అమ్మే కథ అత్తమ్మని అడిగి తెలుసుకుంటుంది. అది 38 జీబీ. సినిమాలు రెండు నెలలు, 243 జీబీ. ఒక వన్డే ఎనిమిది గంటలనుకుంటే దాదాపు 11 జీబీ, బాపు కోసం పది మ్యాచ్‌లు ఉంచితే 108 జీబీ. అన్నీ కూడితే 393 జీబీ. మళ్లీ కూడాను. అంతే వచ్చింది.

ఏ డిస్కు చాలట్లేదని ఏడాదిన్నరగా తిట్టుకున్నానో, ఆ డిస్కే చాలు!

అయినా కొత్తది కొన్నాను. పాత డిస్కుకి వయసైపోయింది, పైగా రేపు ఒకట్రెండు హెచ్‌డీ ఛానళ్లు కలిపితే లెక్క మూడింతలవుతుంది. 2 టీబీ తీసుకున్నాను, సీసీ కెమెరాల రికార్డింగ్ కోసం అమ్మే రకం. రోజంతా ఆగకుండా రాయడం వాటికి అలవాటు. స్పీడ్ గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. మూడు ఛానళ్లు ఒకేసారి రికార్డ్ అయినా సెకనుకు ఒక ఎంబీ పైచిలుకే. ఎంత చవక హార్డ్ డిస్కైనా దాన్ని నిద్రలో రాసేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకి ఒక్క మాట. రికార్డింగులు మెమరీ కార్డులోకి పంపకండి. అన్నిసార్లు రాసి చెరిపితే అది తొందరగా అరిగిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌ని విడిగా చిన్న ఎస్ఎస్‌డీలో పెట్టాను. దీనికో కారణముంది. శాటిలైట్‌లో వచ్చే ఎంపెగ్-2 వీడియోని ఫోన్ బ్రౌజర్లు నేరుగా ఆడించలేవు. జెల్లీఫిన్ అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. ఆ మార్చిన ముక్కలన్నీ తాత్కాలికంగా ఒక ఫోల్డర్‌లో చేరతాయి. ఒకసారి చెల్లి సినిమా చూస్తూ నిద్రపోతే ఆ ఫోల్డరే కొన్ని జీబీలు మింగింది. రికార్డింగ్‌ల లెక్క ఎంత పక్కాగా వేసినా ఇలాంటివి లెక్కలోకి రావు. అందుకే డిస్కులో పావు వంతు ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తున్నాను.

కరెంటు పోయినప్పటి సంగతేంటని కూడా అడుగుతుంటారు. చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. లేకపోయినా అంతా పోదు. టీవీ సిగ్నల్ 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా రాసింది చాలావరకు ఆడుతుంది.

ఇక అసలు విషయం. ‘ఉంచాలి’ అని ఒక ఫోల్డర్ పెట్టాను. అందులో పడింది ఏ రూల్‌కీ దొరకదు, టీవీహెడ్‌ఎండ్‌కి అసలు కనిపించదు. ప్రతి ఆదివారం రాత్రి అది పాత 500 జీబీ డిస్కులోకి కాపీ అవుతుంది. ఇక్కడ చెరిగినా అక్కడ చెరగకుండా, కొత్తవి మాత్రమే చేరేలా పెట్టాను. ఊరికెళ్లినప్పుడల్లా ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి నానమ్మ బీరువాలో పెట్టొస్తాను. ఈ ఏర్పాటుకి నాకు పట్టింది ఒక మధ్యాహ్నం. డిస్కుల రివ్యూలు చదవడానికి వారం పట్టింది.

ఇంతకీ ఆ రోజు నానమ్మకి ఏం చూపించామో చెప్పలేదు కదా.

నేను టీవీ ముందు రిమోట్ పట్టుకుని నీళ్లు నములుతుంటే చిన్నాన్న జేబులోంచి ఫోన్ తీశాడు. కార్యక్రమం వచ్చిన రోజు ఆయన టీవీ ఎదురుగా నిలబడి ఫోన్‌తో షూట్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఒక నిమిషం నలభై సెకన్లు. ఫ్రేమ్ వంకర, మధ్యలో ఎవరిదో తల అడ్డం. అప్పుడు దాని కింద నేనే రాశాను: ‘‘ఎందుకు చిన్నాన్నా ఇది, నా దగ్గర ఒరిజినల్ క్వాలిటీ ఉంది’’ అని. ఆ మెసేజ్ కూడా ఇంకా అక్కడే ఉంది. ఆ వీడియో కనీసం తొమ్మిది ఫోన్లలో ఉంది.

ఫోన్‌ని టీవీకి కలిపి పెట్టాం. తాత పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూపిస్తూ ఏదో చెప్తున్నాడు. సరిగ్గా అప్పుడే కుక్కర్ విజిల్ కొట్టింది, ఆయన మాట వినపడలేదు.

నానమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ‘‘గా కుక్కర్ నాదే. ఆయన కోసమే పప్పు పెట్టిన ఆ పొద్దు’’ అంది.

14 ఎంబీ. ‘ఉంచాలి’ ఫోల్డర్‌లో మొదటి ఫైల్ అదే.