దవడ పన్నుకు మూడు వేర్లు

విశాఖపట్నంలో ఒక కోచింగ్ సెంటర్. రిసెప్షన్‌లో కూర్చున్నమ్మాయి ఫారం నా ముందుకు జరిపి, "పాప ఇంటర్ ఏ కాలేజీ అండీ?" అనడిగింది.

"మా పాపకి నాలుగేళ్ళు, అంగన్‌వాడీకెళ్తోంది. పరీక్ష రాసేది నేను" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వాపుకోడానికి కాసేపు స్టేప్లర్ కోసం వెతికింది. లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చి, "బ్యాచ్‌లో అందరూ పద్దెనిమిదేళ్ళ పిల్లలేనండీ, మీకు ఇబ్బందేమో" అంది. పిల్లలతో నాకేం ఇబ్బంది లేదు గానీ, ఫారం వెనక అచ్చేసిన ఫీజు చూసి దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని ఎలమంచిలి బస్సెక్కాను.

నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మాది ఎస్. రాయవరం. పక్కనున్న సర్వసిద్ధి పేరు కలుపుకుని సర్వసిద్ధి రాయవరమైంది. 1862లో గురజాడ అప్పారావుగారు పుట్టింది మా ఊళ్ళోనే, మేనమామగారింట. మా ఊరి పేరు బయటివాళ్ళకి తెలిసేది ఆ ఒక్క కారణంగానే. నేను 2013లో బైపీసీ అయ్యాక బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. 2017లో చదువయ్యాక నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్ళు చేశాను. ఇప్పుడు మా మండలంలోనే ఒక విలేజ్ క్లినిక్‌లో ఎమ్మెల్‌హెచ్‌పీని, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌ని. ఆ పేరు పలకడం చేతగాక అందరూ నర్సమ్మా అనే పిలుస్తారు. ఈ నర్సమ్మ పళ్ళ డాక్టరు కావాలనుకుంటోందని తెలిశాక, నాలాగే ఆలోచిస్తున్న నర్సులు నలుగురైదుగురు ఫోన్లు చేశారు. వాళ్ళకి విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

అందరూ మొదట అడిగేది ఒకటే. నాలుగేళ్ళు నర్సింగ్ చదివాం, అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ పాసయ్యాం, బీడీఎస్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేర్చుకోరా? చేర్చుకోరు. మన దేశంలో నర్సింగ్ నుంచి డెంటల్‌కి అడ్డదారి లేదు. పదిహేడేళ్ళ పిల్ల ఏ గుమ్మంలోంచి వస్తుందో మనమూ అందులోంచే రావాలి. ఆ గుమ్మం నీట్. నేను ఐసీయూలో వెంటిలేటర్ల పక్కన గడిపిన రాత్రులకి అందులో ఒక్క మార్కు రాదు. ఈ మాట ముందే జీర్ణం చేసుకుంటే తర్వాత ఏడుపుండదు.

అందుకే నర్సింగ్ సర్టిఫికెట్ పక్కనపెట్టి ముందు ఇంటర్ మార్కుల మెమో బయటికి తియ్యమంటాను. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాలి. ఆ మూడిట్లో కలిపి జనరల్ వాళ్ళకి 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం మార్కులుండాలి. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళకి సాధారణంగా ఇది సమస్య కాదు, మేమంతా సైన్సు వాళ్ళమే. చిక్కంతా జీఎన్ఎం చేసినవాళ్ళతో. ఆ మూడేళ్ళ కోర్సులో ఏ గ్రూపువాళ్ళయినా చేరొచ్చు. నాతో ఐసీయూలో పనిచేసినామె సీఈసీ చదివి జీఎన్ఎం చేసింది. సూది గుచ్చితే పేషెంటుకి తెలిసేది కాదు, అంత చెయ్యి. అయినా ఆమె మళ్ళీ సైన్సు సబ్జెక్టులు రాసి పాసయితే తప్ప నీట్‌కి దరఖాస్తు చెయ్యలేదు. ఫోన్లో ఆ సంగతి చెప్పడానికి నాకే నోరు రాలేదు.

వయసు సంగతి మాత్రం మనకి అనుకూలం. నీట్‌కి ఉన్న గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. ఎన్నిసార్లు రాయొచ్చన్న లెక్క కూడా లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి కోత. అందులో సగం, 90 ప్రశ్నలు, బయాలజీ నుంచే. అది చూసి నేను తెగ సంబరపడ్డాను. పుస్తకం తెరిచాక తెలిసింది, బయాలజీ అంటే మొక్కలు కూడా! మూత్రపిండం ఎలా వడపోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ద్విదళబీజపు వేరుని అడ్డకోత కోస్తే లోపల ఏముంటుందో పదేళ్ళకి పైగా తలుచుకున్న పాపాన పోలేదు. ఇక ఫిజిక్స్ 45 ప్రశ్నలు. మొదటి మాక్ టెస్టులో నాకు ఫిజిక్స్‌లో వచ్చిన మార్కులు మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఇంత కష్టం ఎందుకు, నర్సుగా ఏం తక్కువైంది అని మా అన్నయ్య అడిగాడు. జర్మన్ నేర్చుకుని జర్మనీకి వెళ్ళిపోతే అప్పులన్నీ తీరిపోతాయి కదా అన్నాడు. తప్పు లేదు, మా బ్యాచ్‌లో వెళ్ళినవాళ్ళు బాగానే ఉన్నారు. నేను వాడికి ఒక ముసలమ్మ సంగతి చెప్పాను.

మా క్లినిక్ పనుల్లో ఒకటి, ముప్పై దాటినవాళ్ళందరికీ బీపీ, షుగరుతోపాటు నోటి క్యాన్సరు స్క్రీనింగ్ చెయ్యడం. పెద్ద పరికరాలేం అక్కర్లేదు. టార్చి, గ్లవ్సు, నాలుక నొక్కే చెక్కపుల్ల. బుగ్గల లోపల, నాలుక పక్కల, నాలుక కింద, అంగిలి చూడాలి. మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటుందా అని చూడాలి. రేవు పోలవరం వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే ముసలమ్మని కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. "పళ్ళు నేవు గదే తల్లీ, ఏటి సూత్తావు?" అంది. పళ్ళు నిజంగానే లేవు. టార్చి పైకెత్తితే అంగిలంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా, మందంగా ఉంది. మధ్యమధ్య సూదిమొన పెట్టినట్టు ఎర్రటి చుక్కలు. వెనకవైపు ఓ మూల చిన్న పుండు.

అడ్డపొగ. మా ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరిపోదు, చాలాసేపు వస్తుంది, చేతులతో పని చేసుకోవచ్చు. నిప్పు సెగ నేరుగా అంగిలికే తగులుతుంది. ఇది ప్రపంచ వైద్య పత్రికలకెక్కిన సమస్య. డెన్మార్క్ నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన ఫలీ మెహతా, వాళ్ళ సహచరులు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్ష చేసి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించారు. పదివేల నోళ్ళు! నేను రోజుకి ఇరవై చూసేసరికే మెడ పట్టేస్తుంది.

అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళమంటే మామ్మ మొరాయించింది. వాళ్ళ కోడల్ని బతిమాలి పంపించాను. ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సరు కాదన్నారు, వదలకుండా చూపించుకుంటూ ఉండమన్నారు. అడ్డపొగ మానిందా అంటే మానలేదు. కాకపోతే ఇప్పుడు దార్లో నన్ను చూస్తే చుట్ట కొంగు చాటుకి పోతుంది.

చూడటం వరకే నా వంతు. పుచ్చిపన్ను చూస్తాను, చీము పట్టిన చిగురు చూస్తాను, చీటీ రాసి పంపిస్తాను. సగం మంది వెళ్ళరు. బస్సు ఛార్జీ, ఒకరోజు కూలి. వెళ్ళకపోతే ఏమవుతుందో ఐసీయూలో ఉన్నప్పుడే చూశాను. కింది దవడ పన్ను పుచ్చి, వారం రోజులు ఊళ్ళో ఎవరిచేతో ఇంజెక్షన్లు చేయించుకుని ఒక కుర్రాడు వచ్చాడు. గడ్డం కింద చెక్కలా గట్టిపడిపోయింది, నాలుక పైకి లేచిపోయింది, ఉమ్ము మింగలేక చొంగ కారుస్తున్నాడు. లడ్విగ్స్ యాంజైనా అంటారు. ఊపిరాడక గొంతుకి రంధ్రం పెట్టాల్సివచ్చింది. బతికాడు. మొదట్లోనే పన్ను పీకితే పోయేదానికి తొమ్మిది రోజులు ఐసీయూ.

అలాగని నర్సుగా నేను పన్ను పీకకూడదు. చట్టం ప్రకారం రిజిస్టరైన దంతవైద్యులే ఆ వృత్తి చెయ్యాలి. పీకడం పెద్ద పనా అని పక్క ఊళ్ళో ఎవరో చేసేస్తుంటారనుకోండి, అది వేరే సంగతి. వందేళ్ళ కిందట న్యూజిలాండ్ వాళ్ళు ఇంకోలా ఆలోచించారు. 1921లో ఆడపిల్లల్ని తీసుకుని, రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, డెంటల్ నర్సులని పేరు పెట్టి బడులకి పంపారు. బడిపిల్లల పళ్ళు నింపడం, పాలపళ్ళు తియ్యడం వాళ్ళే చేసేవారు. ఆ బడి క్లినిక్‌ని పిల్లలు ముద్దుగా హత్యల ఇల్లు అనేవారట! మన దగ్గర అలాంటి కొలువే ఉంటే నేను ఈ ఫిజిక్స్ జోలికి వచ్చేదాన్ని కాదు.

మన దగ్గర దానికి కాస్త దగ్గరగా ఉన్నది డెంటల్ హైజీనిస్టు కోర్సు. రెండేళ్ళు. పళ్ళ మీద గార తీయడం, పాలిష్ చెయ్యడం, పళ్ళు ఎలా చూసుకోవాలో నేర్పడం వాళ్ళ పని. నీట్ అక్కర్లేదు. ఇంటి పరిస్థితులు అయిదేళ్ళు ఒప్పుకోనివాళ్ళు దీని గురించి ఆలోచించొచ్చని ఫోన్ చేసినవాళ్ళకి చెప్పాను. నేను మాత్రం వద్దనుకున్నాను. గార తీసి, పుచ్చిపన్ను దగ్గరకొచ్చేసరికి మళ్ళీ చీటీ రాయడమే అయితే ఇప్పుడు చేస్తున్నది చాలు.

బీడీఎస్ నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. వచ్చే ఏడాది సీటొస్తే బయటపడేసరికి ముప్పై అయిదు. పార్ట్‌టైం, దూరవిద్య లాంటివి లేవు. 75 శాతం హాజరుండాలి. నాది కాంట్రాక్టు ఉద్యోగం, రాజీనామా ఇచ్చే వెళ్ళాలి. రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడ, కడపల్లో ఉన్నాయి. విశాఖ వైపున్నవి గీతం, సంగివలసలోని అనిల్ నీరుకొండ లాంటి ప్రైవేటువి. ప్రైవేటులో కన్వీనర్ కోటాకీ మేనేజ్‌మెంట్ కోటాకీ ఫీజులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కన్వీనర్ కోటాలో వస్తేనే చేరాలని ఇంట్లో ఒప్పందం రాసుకున్నాం. నిజంగానే రాసుకున్నాం, పాప డ్రాయింగ్ పుస్తకం వెనక అట్ట మీద. ఫీజుతో అయిపోదు, పనిముట్లు చాలావరకు విద్యార్థే కొనుక్కోవాలి. రెండేళ్ళుగా నెలకి పన్నెండు వేలు రికరింగ్ డిపాజిట్ కడుతున్నాను. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఆపను. సెలవుల్లో డ్యూటీలు చేసుకోవాలన్నా, ఈ వ్యవహారం తిరగబడి వెనక్కి రావాలన్నా ఆ కాగితమే దిక్కు.

ఇంకో చేదుమాట. దేశంలో 300కి పైగా డెంటల్ కాలేజీలున్నాయి. బీడీఎస్ అయినవాళ్ళు నగరాల్లో క్లినిక్కుల దగ్గర నర్సు జీతం కన్నా తక్కువకి చేస్తుండటం నేనే చూశాను. ఎలమంచిలికీ పాయకరావుపేటకీ మధ్య, మా అడ్డరోడ్డులో ఓ కుర్చీ వేసుకుని కూర్చోవాలన్నది నా లెక్క. నాకిక్కడ నోళ్ళన్నీ తెలిసినవే. అది వ్యాపారంగా నిలబడుతుందా అంటే, నిలబడుతుందనే నేను అనుకుంటున్నాను; మా ఆయన ఇంకా అనుకోవడం లేదు.

అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురూ నర్సే. అక్కడైతే నర్సింగ్ డిగ్రీని డిగ్రీగానే లెక్కేస్తారట. డెంటల్ స్కూలు అడిగే కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులు పూర్తిచేసి, డ్యాట్ అనే పరీక్ష రాసి, నాలుగేళ్ళు చదవాలి. "నువ్విక్కడ పుట్టాల్సింది అప్పా" అంది. దానికి నవ్వులాటే.

బీడీఎస్‌లో చేరితే అనాటమీ నుంచి జనరల్ మెడిసిన్, సర్జరీ దాకా సగం పుస్తకాలు నాకు పాత చుట్టాలే. కొత్తవాటిలో ఒకటి, మొదటి ఏడాదే మైనపు దిమ్మల్లోంచి పళ్ళు చెక్కాలి. ఇది నాకు చాతనవుతుందా అని భయమేసి, సబ్బుబిళ్ళ తీసుకుని కూరగాయల కత్తితో పై దవడ మొదటి పెద్ద పన్ను చెక్కడం మొదలుపెట్టాను. నాలుగు గుబ్బలు, మధ్యలో పల్లం, లోపలివైపు గుబ్బకి ఆనుకుని బుడిపెలాంటిది ఒకటి. మూడు సబ్బులు పాడయ్యాయి. నాలుగోది పన్నులాగే ఉందనిపించి ఏటికొప్పాక పట్టుకెళ్ళాను.

ఏటికొప్పాక మా పక్కనున్న ఎలమంచిలి మండలం, వరాహ నది ఒడ్డున. లక్క బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చిన ఊరు. మా మావయ్య అక్కడ లేతు మీద అంకుడు కర్ర తిప్పి బొమ్మలు చేస్తాడు. నేను వెళ్ళేసరికి తిరుగుతున్న బొంగరానికి లక్క పట్టించి మొగలాకుతో మెరుగు పెడుతున్నాడు. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, నా సబ్బుపన్ను వెలుతురుకి పట్టి తిప్పి చూశాడు. గోటితో మధ్య పల్లం తడిమాడు.

"పైదంతా బానే ఉందే. దీనికి కాళ్ళేవీ?"

"వేర్లు చెక్కలేదు మావయ్యా. మూడుంటాయి."

"మూడూ ఒక్కలాగే ఉంటాయేటి?"

"లేదు. అంగిలివైపుది అన్నిటికన్నా పొడుగు."

ఆయన కిందికి వంగి, చెక్కపొట్టులోంచి అరచేతి పొడవు అంకుడు ముక్క ఒకటి ఏరి నా చేతిలో పెట్టాడు.

"సబ్బు వద్దే. దీన్లో చెక్కు."