పొయ్యి మీద పడక

నిన్న రాత్రి చదివిన రష్యా కథలో ఎమేల్యా గుర్తున్నాడు కదరా? పగలంతా పొయ్యెక్కి పడుకునే సోమరి. "ఒళ్లు కాలదా తాతయ్యా?" అన్నావు. నీ వయసులో నాకూ అదే అనుమానం.

కాలదు. అది మన పొయ్యి లాంటిది కాదు. అక్కడి పల్లెల్లో దుంగలు పేర్చి కట్టే ఇంటిని 'ఇజ్బా' అంటారు. అందులో బోలెడు చోటు పొయ్యికే పోతుంది. కొన్ని టన్నుల ఇటుక, మట్టి! పొద్దున్నే బిర్చి కట్టెలు వేసి రెండు మూడు గంటలు భగభగా మండిస్తారు. అంతే. రాత్రికి వెచ్చదనమిచ్చేది నిప్పు కాదు, పొద్దుట వేడి తాగిన ఇటుక.

టన్ను ఇటుక ఒక్క డిగ్రీ చల్లారిందనుకో. ఆ వేడి 90 ఘనపు మీటర్ల గదిలో గాలిని 7 డిగ్రీలు వేడెక్కించగలదు. అందుకే పొయ్యి పైనున్న అరుగు ముసలివాళ్లకీ పిల్లలకీ పడక.

మా అమ్మ దాలిలో పిడకల మీద పాలకుండ పెట్టేది. సాయంత్రానికి పాలు ఎర్రగా, పైన మందంగా మీగడ! రష్యావాళ్లూ అంతే, చల్లారుతున్న పొయ్యిలో పాలకుండ పెట్టి మర్చిపోతారు. వాటి రంగూ ఎరుపే. ఎవరు ఎవరికి నేర్పారని అడక్కు, నిదానపు వేడికి ఊరేమిటి?

ఇక గోడలు. ఎండిన కట్టె నిండా గాలి నిండిన సన్నటి గొట్టాలే, కాబట్టి ఇటుకకన్నా అది వేడిని చాలా నిదానంగా బయటికి పోనిస్తుంది. దొంగ ఎక్కడంటే దుంగల సందుల్లో. అక్కడ నాచు కూరతారు. పునాది చుట్టూ మట్టిగట్టు పోస్తారు, ఎండాకాలం సాయంత్రాలు దానిమీదే కూచుని కబుర్లు. మన వీధి అరుగే అనుకో.

అసలు గండం పొగగొట్టం దగ్గర. కట్టెలు కాలాక వేడి పైకి పోకుండా దానికి మూత వేస్తారు. తొందరపడ్డారో, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి మళ్లుతుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బొగ్గుల మీద నీలిమంట ఆడుతోందంటే ఆ వాయువే మండుతోందన్నమాట. మంట పోయినా బొగ్గులు కణకణలాడుతుంటే ముప్పు పోనట్టే. మన కుంపటిని తలుపులేసిన గదిలో పెట్టొద్దనేదీ అందుకే.

ఎమేల్యా పైన గుర్రుపెట్టి పడుకున్నాడంటే, బొగ్గులు కెలుక్కుంటూ కింద మేలుకుని కూచున్నది కథలో అతణ్ణి తిట్టే వదినలే అయ్యుంటారు.